నకిలీ విత్తనమును బయటపెట్టుట ఎట్లు?

రోహిణి కార్తె వచ్చుసరికి మా విస్తరణ విభాగమునకు తప్పక వచ్చు ప్రశ్న ఒకటి కలదు. “ఫలానా దుకాణములో అదే రకము విత్తనము సంచికి రెండు వందల యాభై రూపాయలు తక్కువకు ఇచ్చుచున్నారు, కొనవచ్చునా?” అని రైతులు అడుగుదురు. దీనికి జవాబు చెప్పుట కష్టము కాదు. కాని ఇంకొక ప్రశ్న ఉన్నది. దానిని అడుగువారు తక్కువ. మంచి విత్తనమును కష్టపడి పండించి అమ్ము రైతు, తన సంచిని పోలిన సంచిలో చెత్త గింజ అమ్ముడుపోవుట కన్నులారా చూచి, ఆ సంగతిని నలుగురిలో చెప్పవలెనా, మానవలెనా, చెప్పినచో ఏ విధముగా చెప్పవలెను అని అడుగు ప్రశ్న అది. నాకు ఈ ప్రశ్న వేసినవారు పరాయివారు కారు, మా మేనమామగారు. కనుక ఈ వ్యాసములో మా ఇంటి సంగతులు కొన్ని దొర్లును. పాఠకులు మన్నింపగలరు.

మామ జగిత్యాల వైపు ఒక గ్రామములో కొందరు రైతులతో కలిసి సంఘముగా తెలంగాణ సోన, అనగా ఆర్.ఎన్.ఆర్. 15048 వరి విత్తనము పండించుచున్నారు. రాజేంద్రనగర్ పరిశోధనా కేంద్రమునుండి 2015లో విడుదలయిన ఈ రకము సుమారు 125 రోజులలో కోతకు వచ్చు సన్నగింజ రకము. గిరాకి ఎక్కువ. గిరాకి ఉన్నచోటనే అనుకరణ పుట్టును. 2022 వానాకాలములో పక్క మండలములోని ఒక దుకాణములో వీరి సంచి రంగుననే, అదే కంకి బొమ్మతో, పేరులో ఒక్క అక్షరము మార్చి వేరొక సంచి వచ్చినది. వీరి సంచి వేయి రూపాయలు, అది ఏడు వందల యాభై.

ఆ సంవత్సరము కార్తీకములో ఒక రైతు ఆ రెండవ సంచిని చేత బట్టుకొని నేరుగా మామ వాకిట్లోకి వచ్చి, “నీ విత్తనము పెడితే సగం పొలం ముందే పండి రాలిపాయె” అని నిలదీసినాడు. సంచి తమది కాదని మామ చూపించువరకు ఆయన నమ్మలేదు. చూపించిన తరువాత కూడ పూర్తిగా నమ్మినాడని నేననుకొనను. ఆ రాత్రి మామ నాతో ఫోనులో అన్న మాట ఇది: “అల్లుడా, చెప్తే కుళ్లుతోని అంటున్నడంటరు. చెప్పకుంటే నా పేరు పోతది. ఏం చెయ్యమంటవ్?”

నేను జవాబు ఆలోచించి చెప్పులోగా ఆయన తొందరపడినారు. మరుసటి అంగడి నాడు దుకాణము ఎదుట నిలబడి, యజమానిని పేరు పెట్టి పిలిచి, దొంగ అన్నారు. చేతిలో బిల్లు లేదు. సంచి లేదు, దానిని ఆ రైతు తీసికొనిపోయినాడు. విత్తనము నమూనా లేదు. వారము తిరుగకముందే వకీలు నోటీసు వచ్చినది. పెద్దమనుషులు కూర్చున్నారు. మోసపోయిన రైతులలో ఒక్కడును ముందుకు రాలేదు. చివరకు మంచి విత్తనము అమ్మినవాడే నలుగురిలో తప్పు ఒప్పుకొని రావలసి వచ్చినది.

మోసపోయినవారు ఎందుకు ముందుకు రాలేదని పాఠకులు అడుగవచ్చును. దీనికి నాకు తెలిసిన కారణము సిగ్గు. నా చిన్నతనమున మా నాయనగారు పత్తికి ఒక పురుగుమందు సీసా చౌకగా వచ్చినదని తెచ్చినారు. మూత బాగున్నది, చీటీ బాగున్నది. మూడుమార్లు కొట్టినను పురుగు చావలేదు. పాత సీసాలో ఏదో నింపి అమ్మినారని తరువాత తెలిసినది. నాయన ఆ సంగతి పొరుగు పొలము వారికి కూడ చెప్పలేదు. చౌకకు ఆశపడి మోసపోయినాడందురని భయము. ఆ పొరుగువారు మరుసటి వారము అదే దుకాణమునకు పోయి అదే మందు తెచ్చుకొన్నారు. మా ఇంటి మౌనము వలన ఆ సీసాలు మరికొన్ని అమ్ముడుపోయినవి. ఈ మాట వ్రాయుటకు నాకు ఇప్పటికిని సంకోచముగానే ఉన్నది.

చౌక వేరు, నకిలీ వేరు

ముందుగా ఒక భేదము గ్రహింపవలెను. తక్కువ ధరకు వచ్చు ప్రతి విత్తనము నకిలీ కాదు. వరి తన పుప్పొడితోనే తాను ఫలించు పంట. కేళీలు, అనగా బెరుకు మొక్కలు ఏరివేసిన చేనిలోని గింజను రైతు దాచుకొని మూడు నాలుగు సంవత్సరములు వాడుకొనవచ్చును. పొరుగువారికి ఈయవచ్చును, అమ్మవచ్చును. 2001లో వచ్చిన మొక్కల రకముల రక్షణ, రైతుల హక్కుల చట్టము ఈ హక్కును స్పష్టముగా ఇచ్చినది. వ్యాపార పేరు ముద్రించిన సంచిలో పెట్టి అమ్మకూడదు, అంతే. కొన్ని పెద్ద కంపెనీల ప్రతినిధులు గ్రామములలో తిరుగుచు తమది కానిదెల్ల నకిలీ అని ప్రచారము చేయుట నేను విన్నాను. అది విమర్శ కాదు, వ్యాపారము. పొరుగింటి పుల్లయ్య గాదెలోని మంచి గింజను నకిలీ అనుట కూడ ఒక విధమైన మోసమే.

నకిలీ అనగా ఒకటి చెప్పి వేరొకటి ఇచ్చుట. అది పలు రూపములలో ఉండును. మిల్లుకు పోవలసిన ధాన్యమును జల్లించి సంచికెత్తుట ఒకటి. గడువు తీరిన విత్తనమునకు కొత్త చీటీ కుట్టుట ఇంకొకటి. మా మామకు ఎదురైనది పేరున్న సంచి రంగును, బొమ్మను అనుకరించుట. పత్తిలో జరుగు మోసము వీటన్నిటికంటె ప్రమాదకరమైనది. జిన్నింగు మిల్లులో మిగిలిన గింజకు నూగు తీసి, రంగు పూసి, పొట్లములలో అమ్ముచున్నారు. పత్తి సంకర రకముల గింజను రెండవసారి విత్తినచో మొక్కలు ఒక తీరున రావు. బి.టి. జన్యువు తల్లిదండ్రులలో ఒకరినుండియే వచ్చిన సంకరమైనచో, రెండవ తరములో నాలుగింట ఒక వంతు మొక్కలలో ఆ జన్యువు అసలే ఉండదు. పైకి గింజ అదే గింజ. కాయ తొలిచినప్పుడుగాని తెలియదు.

మన దేశములో బి.టి. పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చినది. దానికి ముందే, 2001లో, గుజరాతులో అనుమతి లేని బి.టి. పత్తి పొలములలో బయటపడినది. అనగా ఈ పంటలో అసలుకంటె అనధికారపు సరుకే ముందు వచ్చినదన్నమాట! తరువాతి కాలములో కలుపుమందును తట్టుకొను పత్తి అని చెప్పి, అనుమతి లేని విత్తనమును బిల్లు లేకుండ, రాత్రిపూట ఇంటింటికి చేర్చు వ్యాపారము మన రెండు రాష్ట్రములలోను బలపడినది. దీనిని కొన్న రైతుకు కలుపు కూలి మిగులునను ఆశ ఉన్నది. ఆ ఆశను నేను తేలికగా చూడను. కాని పొట్లముపై పేరు లేదు, లాటు నంబరు లేదు, అమ్మినవాడు రశీదు ఈయడు. పంట పోయినచో ఎవరిపై ఫిర్యాదు చేయవలెను?

చీటీ చదువుట

తప్పు రెండు చోట్ల ఉండును, చీటీలో లేదా గింజలో. చీటీలోని తప్పు జూనులోనే కంటికి కనబడును. గింజలోని తప్పు సెప్టెంబరుకు గాని బయటపడదు. అప్పటికి దుకాణములోని సంచులన్నియు అమ్ముడై యుండును. కావున ముందు చీటీ చదువుట నేర్వవలెను.

బ్రీడరు విత్తనమునకు బంగారు పసుపు చీటీ, మూల విత్తనమునకు తెలుపు, ధృవీకరణ పొందిన విత్తనమునకు నీలము. ఈ తెలుపు, నీలము చీటీలను విత్తన ధృవీకరణ సంస్థ ఇచ్చును, సంచికి సీలు ఉండును. ఆకుపచ్చ చీటీ ఉన్నచో దానిలోని గుణములకు అమ్మువాడే హామీదారు. ప్రభుత్వ సంస్థ దానిని పొలములో చూడలేదు. ఆకుపచ్చ చీటీ తప్పు కాదు, చాల మంచి విత్తనము దానితోనే వచ్చుచున్నది. కాని నీలి కాగితముపై కంపెనీ పేరు మాత్రమే అచ్చువేసి కుట్టిన సంచి మోసపు సంచి. మామకు ఎదురైన సంచికి ఉన్నది అటువంటి కాగితమే.

ఏ చీటీపైననైనను రకము పేరు, లాటు నంబరు, పరీక్ష జరిపిన తేది, గడువు తేది, మొలక శాతము, స్వచ్ఛత శాతము, బరువు, అమ్మువారి పేరు చిరునామా ఉండవలెను. వరికి మొలక 80 శాతము, భౌతిక స్వచ్ఛత 98 శాతము, తేమ 13 శాతమునకు మించకుండ ఉండవలెనని నిర్ణయము. వేరుశనగకు మొలక 70, మొక్కజొన్న సంకరములకు 90, పత్తి సంకరములకు 75 శాతము. 2023లో కేంద్ర ప్రభుత్వము సాథీ అను పద్ధతిని ప్రారంభించినది. దానిలో సంచిపై ఉన్న క్యూ.ఆర్. గుర్తును ఫోనుతో చూచి విత్తనము పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనవచ్చును. అయితే గుర్తును ఫోను చూపించుటతో సరిపెట్టుకొనరాదు. అందు కనబడిన లాటు నంబరును చీటీపై ఉన్న నంబరుతో సరిచూడవలెను.

మొలక పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. ఏరకుండ, చేతికి వచ్చినట్లు తీసిన నూరు గింజలను తడి గోనెసంచిపై వరుసలుగా పేర్చి, చుట్టి, నీడలో ఉంచి, ఆరకుండ నీరు చల్లుచుండవలెను. వారము తిరుగుసరికి మొలచినవానిని లెక్కింపవచ్చును. వరికి చివరి లెక్క పదునాలుగవ రోజున, పత్తికి పన్నెండవ రోజున తీసికొందురు. ఇది మొలకను మాత్రమే చెప్పును. రకము అదియేనా అని చెప్పదు. మిల్లు ధాన్యము కూడ చక్కగా మొలచును, ఇదే చిక్కు.

ఎరువుల విషయమున కొద్దిగా చెప్పి ముగించెదను. డి.ఏ.పి. గుళికలు కొన్ని అరచేతిలో వేసి, పొగాకు నలిపినట్లు సున్నముతో నలిపినచో ముక్కు పట్టలేనంత ఘాటు వాసన వచ్చును. ఈ పరీక్ష గ్రామములలో అందరికి తెలిసినదే. కాని వాసన వచ్చినంత మాత్రమున అది డి.ఏ.పి. అని నమ్మరాదు, 20-20 ఎరువు కూడ అదే వాసన ఇచ్చును. వాసన రానిచో మాత్రము అది డి.ఏ.పి. కాదని నిశ్చయముగా చెప్పవచ్చును. జింకు సల్ఫేటులో మెగ్నీషియం సల్ఫేటు కలుపుదురు. నీటిలో కరిగించి పలుచని కాస్టిక్ సోడా నీరు పోసినచో రెండును తెల్లని గంజివలె విరుగును. ఇంకను చిక్కని సోడా నీరు పోసినచో జింకు గంజి కరిగిపోవును, మెగ్నీషియం గంజి కరుగదు. కాస్టిక్ సోడా చర్మమును కాల్చును, పిల్లలను దగ్గరకు రానీయరాదు.

రెండు మడుల ముచ్చట

2023లో మామ నా మాట విన్నారు. మొదట చేసిన పని, ఆ దుకాణములోనే ఒక మనిషిని పంపి ఒక సంచి కొనిపించుట. బిల్లుపై రకము పేరు, లాటు నంబరు, తేది తప్పక వ్రాయించినాము. సంచిని ఇంటికి తేకుండ గ్రామ పంచాయతీ కార్యాలయము వరండాలో, ఆ దుకాణమువారి బంధువు ఒకరితో సహా నలుగురి ఎదుట విప్పినాము. సగము గింజను మరల కట్టి, సంతకములు చేయించి భద్రపరచినాము.

అదే రోజు చీటీ సంగతిని వ్రాసి, బిల్లు నకలు జోడించి, మండల వ్యవసాయాధికారికి ఫిర్యాదు ఇచ్చినాము. 1966 విత్తన చట్టము ప్రకారము విత్తన ఇన్‌స్పెక్టరు నమూనాను మూడు భాగములుగా తీసి, ఒకటి అమ్మకందారుకు ఇచ్చి, ఒకటి పరీక్షకు పంపి, ఒకటి తనయొద్ద ఉంచుకొనవలెను. మనము ఇంటిలో దాచిన గింజకు ఆ నమూనాకు ఉన్న బలము లేదు. అధికారి వచ్చునాటికి దుకాణములో పదకొండు సంచులు మిగిలినవి. వానిని అమ్మకుండ నిలిపినారు. పదకొండేనా అని మామ నిట్టూర్చినారు. నిజమే, అంతకుముందే ఎన్ని పోయినవో తెలియదు. ఆ చట్టము వ్రాసిన నాడు మొదటి తప్పుకు పెట్టిన జరిమానా అయిదు వందల రూపాయలలోపు. ఒక సంచి వెలకంటె తక్కువ! చట్టమొక్కటే నకిలీని ఆపలేదనుటకు వేరే నిదర్శనము అక్కరలేదు.

తరువాత రోడ్డు పక్కన అయిదేసి గుంటల మడులు రెండు తీసికొన్నాము. అంతకుముందు పంట మొక్కజొన్న ఉన్న చేనినే ఎంచినాము. వరి మీద వరి వేసినచో పాత గింజ రాలి మొలచి, ఆ తప్పు కూడ విత్తనముపై పడును. అది ఎదుటివానికి అన్యాయము. నారుమడులు వేరు వేరుగా పోసి, ఒకే రోజున, కుదురుకు ఒక్క మొక్క చొప్పున నాటించినాము. కూలీలు విసుగుకొన్నారు గాని, కుదురుకు మూడు నాలుగు మొక్కలు పెట్టినచో కేళీల లెక్క తేలదు. ఎరువు, నీరు రెండింటికి సమానము.

సెప్టెంబరు రెండవ వారమునకే తేడా రోడ్డుమీద పోవువారికి కనబడసాగినది. ఒక మడి ఒకే ఎత్తున, పొట్టమీద ఉన్నది. రెండవ మడిలో అక్కడక్కడ జానెడు పొడవైన మొక్కలు అప్పుడే ఈని నిలిచినవి. ఈనిక పూర్తియైన తరువాత ప్రతి మడిలోను అయిదు చోట్ల, చోటుకు రెండు వందల కుదుళ్ల చొప్పున లెక్కించినాము. కొన్న సంచి మడిలో వేయింటికి డెబ్బది ఒక్క కేళీలు. మామ మడిలో మూడు.

ధృవీకరణ విత్తనపు చేనిలో వేయికి రెండు మించి కేళీలు ఉండరాదని నియమము. అనగా మామ విత్తనము కూడ ఆ పొలములో ఒక్క మొక్క ఎక్కువే చూపినది. ఆ మూడు అను అంకెను బోర్డుపై వ్రాయుటకు ఆయన మొదట ఒప్పుకొనలేదు. “మన తప్పు మనమే రాసుకుంటమా?” అన్నారు. వ్రాయనిచో బోర్డే వద్దన్నాను. ఇద్దరము రెండు రోజులు మాట్లాడుకొనలేదు. మూడవనాడు ఆయనే సుద్ద తీసికొని వ్రాసినారు. బోర్డుపై దుకాణము పేరు లేదు, యజమాని పేరు లేదు. విత్తనము కొన్న తేది, లాటు నంబరు, నాటిన తేది, వేయింటికి కేళీల సంఖ్య, అంతే.

మనిషిని దొంగ యని పిలుచుటకు, వస్తువులోని లోపమును లెక్కతో చూపుటకు ఎంత భేదమున్నదో అప్పుడు తెలిసినది. పరువునష్టము నేరమే. 2024 జూలై నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను అది ఉన్నది. నలుగురి మేలుకొరకు చెప్పిన నిజమునకు ఆ చట్టములోనే మినహాయింపు కలదు గాని, నిజమని చూపవలసిన భారము చెప్పినవానిదే. బిల్లు, సంచి, సాక్షులు, లెక్క లేనివాడు నోరు విప్పుట సాహసమే యగును.

బోర్డు చూచి పోయినవారిలో ఆ దుకాణదారు కూడ ఉన్నాడు. ఆయన మామతో మాట్లాడలేదు. గట్టుమీద నిలబడి చాలసేపు చూచి, నాతో ఒక మాట అన్నాడు. తానును ఆ సరుకును ఒక మధ్యవర్తివద్ద నమ్మి తెచ్చినానని, అతడు ఫోను ఎత్తుట లేదని. అది నిజమో కాదో నేను చెప్పలేను. కొనుగోలు బిల్లు ఉన్నదా అని అడిగితిని. లేదన్నాడు.

నష్టపోయిన రైతు చేయవలసినది

రైతులు లెక్క వేసికొనవలెను. ఎకరమునకు ఒక సంచి విత్తనము, రెండు వందల యాభై రూపాయలు మిగిలినవి. ఎకరమునకు ఇరవై అయిదు క్వింటాళ్లు పండు చేనిలో, ఉదాహరణకు, పదింట ఒక మొక్క ముందుగా పండి దాని గింజలో సగము రాలిపోయినదనుకొనుడు. నష్టము క్వింటాలు పాతిక. 2024-25 మద్దతు ధర 2300 రూపాయల చొప్పున 2,875 రూపాయలు. మిగిలిన ధాన్యములో పచ్చిగింజ, పండుగింజ కలిసి మిల్లులో నూక పెరుగుట దీనికి అదనము.

పంట చెడినది విత్తనము వలననే అని అనుమానము కలిగినచో, చేను దున్నకముందే ఫిర్యాదు వ్రాసి ఇయ్యవలెను. విత్తన నియమావళిలోని 23-ఏ నియమము ప్రకారము అధికారి చీటీలను, సంచిని, మిగిలిన గింజను స్వాధీనము చేసికొని విచారింపవలెను. వానకు మొలక చెడినదా, తెగులు వలన కాపు పోయినదా, విత్తనమే చెడ్డదా అనునది నిలిచియున్న చేనిలో తేలవలసిన మాట. 2016లో ఖమ్మము, వరంగల్ వైపు మిరప చేలు ఏపుగా పెరిగియు కాయ పట్టనప్పుడు చాలమంది రైతులకు ఎదురైన మొదటి ప్రశ్న, “బిల్లు ఉన్నదా?” అనునదే.

వినియోగదారుల న్యాయస్థానము కూడ రైతుకు తెరిచియే ఉన్నది. జాతీయ విత్తన సంస్థకు, మన ప్రాంతపు రైతులకు మధ్య నడిచిన వ్యాజ్యములో 2012 జనవరిలో సుప్రీంకోర్టు రైతు వినియోగదారుడే అని చెప్పినది. విత్తనము చెడ్డదగునని ముందే ఊహించి కొంత గింజను పరీక్షకొరకు దాచియుంచుమని ప్రతి రైతును కోరలేమని కూడ చెప్పినది. న్యాయస్థానము కోరకున్నను, మనము దాచుటలో నష్టమేమియు లేదు. ప్రతి లాటు నుండి పావుకిలో గింజను గుడ్డసంచిలో పోసి, అందులోనే చీటీని, బిల్లును పెట్టి, మూతి కట్టి, ఎలుక అందని చోట దూలమునకు వ్రేలాడదీసి, కోత ముగియువరకు దించకుండ ఉంచవలెను. ప్లాస్టిక్ సంచిలో పోసినచో తేమ పట్టి మొలక చెడును.